పాత దర్బారు హాల్లో పాటల రాత్రి: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ నిలబడాలి, ఎలా ఇల్లు చేరాలి

హైదరాబాద్‌లో పాత మహల్లో కచేరీ అనగానే చాలామంది షాండ్లియర్ల ఫొటో చూసి టికెట్ కొనేస్తారు. తీరా వెళ్లాక పాటలో మాట ఒక్కటీ తెలియదు. చలువరాయి మీద నిలబడి నిలబడి కాళ్లు పీకుతాయి. పదింటికి బయటికొస్తే క్యాబ్ రేటు చూసి గుండె గుభేలుమంటుంది. పాడినవాళ్లనీ సౌండ్‌వాళ్లనీ తిట్టుకుంటూ ఇంటికెళ్తారు. నిజానికి ఈ కట్టడాల్లో ఎక్కువ భాగం మైకూ స్పీకరూ పుట్టకముందువి. అలాంటి చోట ఈనాటి డ్రమ్ములూ బేస్ గిటారూ వినాలంటే ఎక్కడ నిలబడ్డామన్నదే సగం సంగతి. మిగతా సగం టైము, చెప్పులు, ఇంటి దారి.

ముందు హాలు ఎలాంటిదో చూసుకోండి

పడమటి దేశాల్లో పాత బాల్‌రూములు కొన్ని కచేరీ హాళ్లుగా, నైట్‌క్లబ్బులుగా మారి ఇప్పటికీ నడుస్తున్నాయి. న్యూయార్క్‌లో వెబ్‌స్టర్ హాల్ 1886 నాటిది. గ్లాస్గోలో బారోలాండ్‌ని 1934లో తెరిచారు. 1958లో కాలిపోతే మళ్లీ కట్టి 1960లో తెరిచారు. జంట నృత్యాల రోజులు పోయాక ఆ హాళ్లకు కొత్త పని తేలిగ్గానే అమరింది. నేల బల్లపరుపు, పాతేసిన కుర్చీలు ఉండవు, కప్పు ఎత్తు, చాలాచోట్ల చుట్టూ బాల్కనీ. వీటన్నిటికన్నా పనికొచ్చేది నాట్యం కోసం వేసిన ఆ చెక్క నేల: పైన పలకలు, కింద దూలాలు, మధ్యలో ఖాళీ. ఆడేవాళ్ల మోకాళ్ల కోసం వేసిన ఆ నేలే బేస్ (కింది స్వరాల) శబ్దాన్ని కూడా కొంత మింగేస్తుంది.

మన దర్బారు హాళ్లకు ఆ సుఖం లేదు. రాయి, చలువరాయి, సున్నపు గచ్చు. ఇవి తగిలిన శబ్దంలో నూటికి రెండు మూడు పాళ్లు మాత్రమే పీల్చుకుని మిగతాదంతా మోతగా తిప్పికొడతాయి. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని టూరిస్టులకు చూపించే విద్య ఇదే గుణం మీద నడుస్తుంది. కోటకు కాపలా కాయడానికి అది భేషుగ్గా ఉంటుంది. కీబోర్డు, డ్రమ్ములు, ఇద్దరు గాయకులు ఒకేసారి మొదలుపెడితే మాత్రం అదే గుణం శత్రువవుతుంది.

హైదరాబాద్‌లో ఇలాంటి రాత్రి నాలుగు రకాల చోట్ల దొరుకుతుంది, నాలుగింటికీ నాలుగు పద్ధతులు.

చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు హాలుంది, 19 షాండ్లియర్లతో. ఈ ప్యాలెస్ పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఇలాంటి మ్యూజియం మహళ్లలో కచేరీ అన్నప్పుడు సాధారణంగా జనం కూర్చునేది లోపల కాదు, ముందున్న ప్రాంగణంలో. హాలు వెనక దృశ్యంగా ఉంటుంది. అంటే ఆకాశం కింద కూర్చుంటారు. మోత బాధ తక్కువ, చలీ దోమలూ ఎక్కువ.

ఇబ్రహీంబాగ్‌లో తారామతి బారాదరి తెలంగాణ పర్యాటక శాఖ చేతిలో ఉంది. గుట్ట మీద 12 ద్వారాల మండపం, కింద ఏసీ ఆడిటోరియం, ఓపెన్ ఎయిర్ థియేటర్. టికెట్ మీద ‘తారామతి’ అని మాత్రమే ఉంటే ఈ మూడింటిలో ఏదో అడిగి తెలుసుకోండి. ఒకటి ఏసీ, ఒకటి మెట్ల మీద కూర్చోవడం, ఒకటి గుట్ట ఎక్కడం. మోకాళ్ల నొప్పులున్న అమ్మనో అత్తయ్యనో వెంటబెట్టుకెళ్లేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

ఫలక్‌నుమాకి 1884లో నవాబ్ వికారుల్ ఉమ్రా పునాది వేశారు, తర్వాత అది ఆరో నిజాం చేతికి వెళ్లింది. 2010 నుంచి హోటలు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల, బాల్‌రూము అన్నీ అక్కడే ఉన్నాయి. అయితే గేటు దాటాలంటే గదో, భోజనమో, కార్యక్రమమో ముందే బుక్ చేసుకుని ఉండాలి. ఊరికే వెళ్లి గేటు దగ్గర అడిగితే పని కాదు. అక్కడ జరిగేవి ఎక్కువగా పెళ్లిళ్లూ ఆహ్వాన విందులే.

ఇక నాలుగోది బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లలో పబ్బులుగా, కెఫేలుగా మారిన బంగ్లాలు. వీటికి మహళ్ల చరిత్ర ఉండదు, కానీ రాత్రి పొద్దుపోయే దాకా నడిచేది మాత్రం ఇక్కడే. హాళ్లు చిన్నవి, కప్పు తక్కువ, జనం ఎక్కువ.

పది గంటల గీత

శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కుదరవు. ఆడిటోరియంలు, బాంక్వెట్ హాళ్లలాంటి మూసి ఉన్న చోట్లకు మినహాయింపు ఉంది. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏడాదికి 15 రోజులకు మించకుండా 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. పబ్బుల సౌండ్ మీద 2022లో మన హైకోర్టు కూడా గట్టిగా పట్టుకుంది. దీని అర్థం ఏమిటంటే, ప్రాంగణంలో జరిగే కచేరీ 7కి అని రాస్తే 7.30కైనా మొదలవ్వాల్సిందే, 10కి ఆగిపోవాల్సిందే. ‘మన వాళ్లు ఎప్పుడు టైముకి మొదలెట్టారు’ అనుకుని 8.30కి వెళ్తే ముఖ్య గాయకుడి పాటల్లో సగం పోగొట్టుకుంటారు. చివర్లో వేయాల్సిన హిట్టు పాటల్ని 9.30 కల్లా పాడేస్తారు, ఎందుకంటే 10 అవగానే కరెంటు తీసే మనిషి పక్కనే ఉంటాడు.

లోపలి హాళ్లకు, క్లబ్బులకు లెక్క వేరు. అక్కడ బ్యాండు సాధారణంగా 9 దాటాక ఎక్కుతుంది. బార్లు మామూలు రోజుల్లో 12 దాకా, శుక్ర, శనివారాల్లో 1 దాకా. అరగంట ముందే ఆర్డర్లు ఆపేస్తారు, బిల్లు కోసం కౌంటర్ దగ్గర తొక్కిసలాట అప్పుడే.

టికెట్, గేటు

బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ లాంటి యాప్‌లలో కొనేటప్పుడు ధర కన్నా ముందు చూడాల్సింది ‘సీటింగ్’ అనే ముక్క. కుర్చీ నంబరుందా, జోన్ మాత్రమేనా, నిలబడాలా? జోన్ టికెట్ అంటే ముందొచ్చినవాళ్లకు ముందు కుర్చీ. వీఐపీ అన్నంత మాత్రాన సౌండ్ బాగుండదు, చాలాసార్లు అది వేదికకు మరీ దగ్గర. కారణం కింద చెప్తాను.

క్లబ్బుల్లో ‘స్టాగ్’ (ఒంటరి మగవాళ్లకు), ‘కపుల్’ (జంటలకు) అని విడివిడిగా రేట్లుంటాయి. మగవాళ్లు మాత్రమే గుంపుగా వెళ్తే చాలాచోట్ల గేటు దగ్గర ఆపుతారు. ఫోన్ చేసి అడిగి వెళ్లడం నయం. కవర్ ఛార్జ్ అంటే ఒక్కోచోట ఒక్కో అర్థం. కొన్నిచోట్ల ఆ మొత్తానికి లోపల తినొచ్చు, తాగొచ్చు. కొన్నిచోట్ల అది ఉత్త ప్రవేశ రుసుం. ‘రిడీమబులా?’ అన్న ఒక్క ప్రశ్న అడిగి డబ్బు కట్టండి. అదే నోటితో పార్కింగ్ సంగతీ, చేతికి బ్యాండ్ కట్టాక బయటికెళ్లి మళ్లీ రానిస్తారా అన్నదీ అడిగేయండి.

మద్యం విషయంలో తెలంగాణలో వయసు 21 నిండాలి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు ఏదో ఒకటి, అసలుది లేదా డిజిలాకర్‌లో. వాట్సాప్‌లో దాచుకున్న ఫొటోని గేటు దగ్గరి మనిషి ఒప్పుకోకపోతే అతనితో వాదించి లాభం లేదు. డిజిలాకర్‌ని ఇంట్లో వైఫై ఉన్నప్పుడే తెరిచి పెట్టుకోండి. మందపాటి గోడల మధ్య సిగ్నల్ పడిపోతుంది, టికెట్ క్యూఆర్ కూడా అంతే. స్క్రీన్‌షాట్ తీసుకోండి, కొన్ని యాప్‌లు దాన్ని ఒప్పుకోవు కాబట్టి యాప్‌లోనూ తెరిచి ఉంచండి.

ఎక్కడ నిలబడాలి

ఒక రాతి హాలు తీసుకుందాం: 25 మీటర్ల పొడవు, 15 వెడల్పు, 9 ఎత్తు. సౌండ్‌వాళ్లు వాడే సాబిన్ లెక్క ప్రకారం, గోడలూ నేలా కలిపి శబ్దంలో 5 శాతం పీల్చుకుంటాయనుకుంటే, ఖాళీ హాల్లో ఒక డ్రమ్ము దెబ్బ పూర్తిగా అణగడానికి 7 సెకన్లకు పైనే పడుతుంది. 150 మంది వస్తే 4 సెకన్ల లోపుకి దిగుతుంది. 400 మంది నిండితే 2 సెకన్లు. మనుషులే, వాళ్ల బట్టలే ఆ హాలుకున్న పరుపులు. స్పీకర్ల మీద నడిచే బ్యాండు సంగీతానికి 1 సెకను దరిదాపుల్లో ఉంటేనే మాట స్పష్టంగా తెలుస్తుంది.

దీంట్లోంచి మూడు సంగతులు తేలతాయి. మొదటి బ్యాండు పాడేటప్పుడు సగం ఖాళీ హాల్లో మోత ఎక్కువ, కాబట్టి అది విని ‘సౌండ్ దరిద్రం’ అని తీర్మానించకండి, నిండనివ్వండి. రెండోది, సాయంత్రం సౌండ్‌చెక్‌లో కుదిర్చిన లెక్కలు రాత్రికి మారిపోతాయి. మంచి ఇంజనీరు మొదటి రెండు పాటల్లో సర్దుకుంటాడు. మూడోది, జనం పీల్చేది పై స్వరాలనే. బేస్‌ని మనుషులూ పరదాలూ పెద్దగా ఆపలేరు. అందుకే రాతి హాల్లో గొంతు స్పష్టపడ్డాక కూడా బేస్ మాత్రం కింద గుయ్‌మని ఈదుతూనే ఉంటుంది.

ఇప్పుడు దూరం సంగతి. స్పీకర్ నుంచి నేరుగా వచ్చే శబ్దం, గోడల నుంచి తిరిగొచ్చే మోత, ఈ రెండూ సమానమయ్యే దూరం ఒకటుంటుంది. ఆ లోపల ఉంటే పాట, బయట ఉంటే మోత. పైన చెప్పిన హాలు నిండుగా ఉంటే, మామూలు పెద్ద స్పీకర్‌కి అది సుమారు 7 మీటర్లు. ఖాళీగా ఉంటే 4 మీటర్లే. కాబట్టి రాతి హాల్లో మంచి చోటు ఏదో ఒక స్పీకర్ స్తంభానికి ఎదురుగా, 5 నుంచి 7 మీటర్ల దూరంలో, దాని ముఖం మీ వైపు ఉండేలా. కింద చెక్క నేల, చుట్టూ మందపాటి పరదాలు ఉన్న హాల్లో ఈ దూరం ఇంకా పెరుగుతుంది, అంత పట్టింపు అక్కర్లేదు.

వేదిక ముందు నట్టనడుమ నిలబడటం అందరి కోరిక. అక్కడ స్పీకర్లు మీకు అటూ ఇటూ ఉంటాయి, వాటి శబ్దం మీ తల మీంచి వెనక్కి వెళ్లిపోతుంది. మీకు వినిపించేది వేదిక మీది డ్రమ్ములూ గిటార్ ఆంప్‌లూ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలు) నేరుగా. గొంతు సన్నగా ఎక్కడో. వేదిక అంచున చిన్న స్పీకర్లు పెట్టి ఉంటే పర్వాలేదు. అవి లేకపోతే ముందు వరస చూడటానికే, వినడానికి కాదు.

మిక్సింగ్ డెస్క్ (ఇంజనీరు సౌండ్ సర్దే బల్ల) పక్కన నిలబడమని అనుభవజ్ఞులు చెప్పే మాట మంచిదే. ఇంజనీరు తన చెవికి కుదిరేలా సర్దుతాడు కాబట్టి, అతను విన్నదే మీరూ వింటారు. అయితే పాత మహళ్లలో డెస్క్‌ని ఫొటోలకు అడ్డం రాకుండా ఓ మూలకో, స్తంభం వెనక్కో నెట్టేస్తారు. అప్పుడు పాపం అతనే సరిగ్గా వినట్లేదు. డెస్క్ హాలు మధ్య గీతకు దగ్గరగా ఉంటే దాని పక్కన, మూలన ఉంటే దాన్ని మర్చిపోయి ముందు చెప్పిన 5–7 మీటర్ల లెక్క పట్టుకోండి.

తప్పించుకోవాల్సినవి: గదిమూలలు, అక్కడ బేస్ పోగుపడుతుంది. బాల్కనీ కింద లోతుగా ఉన్న చోటు, అక్కడికి పై స్వరాలు చేరక పాట దుప్పటి కప్పినట్టుంటుంది. బాల్కనీ ముందు అంచు దాటి రెండడుగులు బయటికి వస్తే చాలు. గుమ్మటం నడినెత్తి కింద కూడా వద్దు, వంపు కప్పు శబ్దాన్ని ఒకచోటికి గురిపెడుతుంది. ఇక హాలు నడుమ నుంచుని వెనక గోడ 10 మీటర్ల దూరంలో ఉంటే, మిమ్మల్ని దాటెళ్లిన డ్రమ్ము దెబ్బ ఆ గోడకు కొట్టుకుని 58 మిల్లీసెకన్ల తర్వాత మళ్లీ వస్తుంది. 50 దాటితే చెవి దాన్ని విడి దెబ్బగా పట్టేస్తుంది. తాళం రెండుగా వినిపిస్తుంటే కారణం అదే. నాలుగడుగులు ముందుకో పక్కకో జరగండి.

లోపలికి అడుగుపెట్టగానే ఒక చిన్న పరీక్ష: పాటలు మొదలవకముందు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. టప్‌మని ఆగితే మంచి చోటు. ‘ట్ర్ర్ర్’ అని లోహం మీద గీసినట్టు సాగితే మీరు ఎదురెదురు ఉత్త గోడల మధ్య ఉన్నారు. ఓ రెండు మీటర్లు జరిగి మళ్లీ కొట్టండి. పక్కవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఇంత చెప్పాక ఒక అభిప్రాయం కూడా. గజల్, ఖవ్వాలీ, వీణ, ఒక గొంతూ రెండు వాయిద్యాలూ ఉండే కచేరీలకు రాతి హాలు వరం; ఆ మోతే గొంతుకి నిండుదనం ఇస్తుంది. డీజే రాత్రికి, వేగంగా ర్యాప్ చేసేవాళ్లకు మాత్రం గచ్చిబౌలి వైపు పరదాలూ ఫోమూ వేసి కట్టిన కొత్త క్లబ్బులే నయం. మహల్లో డీజే అంటే చూడటానికి ఒక ముచ్చట, అంతే.

చెవులు

85 డెసిబెళ్ల శబ్దంలో 8 గంటలు ఉండొచ్చని ఒక లెక్క. ప్రతి 3 డెసిబెళ్లు పెరిగితే ఆ టైము సగమవుతుంది: 88కి 4 గంటలు, 94కి గంట, 100కి 15 నిమిషాలు. కచేరీ హాళ్లలో సగటు 100 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. ఫోన్ యాప్‌తో కొలిస్తే కొద్దిగా అటూ ఇటూ అయినా అంచనా తెలుస్తుంది. పక్కనున్న మనిషి చెవిలో అరిస్తే గానీ మాట వినపడకపోతే యాప్ అక్కర్లేదు, ఎక్కువైనట్టే.

మెడికల్ షాపుల్లో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ చాలు, సరిగ్గా పెట్టుకుంటేనే. వేళ్ల మధ్య సన్నటి పుల్లలా నలపండి, రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగండి, లోపలికి తోసి ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టి ఉంచండి. నలపకుండా బిరడాలా పెడితే సగం పని కూడా చేయవు. దూది అసలు పనిచేయదు. ఫోమ్‌వి పై స్వరాలను ఎక్కువ కోస్తాయి కాబట్టి పాట మొద్దుబారినట్టుంటుంది. తరచూ వెళ్లేవాళ్లు మ్యూజిషియన్ ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోవడం మంచిది, అవి అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. గంటకోసారి పది నిమిషాలు ప్రాంగణంలోకి వెళ్లి రండి. మర్నాటికీ చెవిలో గుయ్‌మంటుంటే, లేదా ఒక చెవి ఉన్నట్టుండి పడిపోయినట్టుంటే, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వాయిదా వేయకుండా వెళ్లాలి.

చెప్పులు, చెమట, నీళ్లు

చలువరాయి మీద నీళ్లో డ్రింకో ఒలికితే ఐసు మీద నడిచినట్టే. రబ్బరు అడుగున్న బూట్లు లేదా పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. సన్న హీల్స్ రాతి మీద జారతాయి, చెక్క నేలలో గుంట పెడతాయి. కొన్నిచోట్ల అందుకే రానివ్వరు. గడపలు ఎత్తు, మెట్లు సమానంగా ఉండవు, వెలుగు తక్కువ. వీల్‌చెయిర్‌తో వచ్చేవాళ్లుంటే ర్యాంప్ ఎటువైపుందో, టాయిలెట్ దాకా మెట్లు లేని దారి ఉందో ముందే ఫోన్ చేయండి. టాయిలెట్లు తరచూ వేరే భవనంలో ఉంటాయి. ఇంటర్వెల్‌లో వెళ్తే వరస తెగదు, ఇంటర్వెల్‌కి ముందు పాటలో జారుకోండి.

ఊరికే నిలబడ్డ మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది, ఎగిరితే దానికి రెండు మూడింతలు. 400 మంది అంటే హాల్లో 40 కిలోవాట్ల హీటరు పెట్టినట్టు. పాత హాళ్ల ఏసీలు, ఉంటే గింటే, అంతకు సరిపడా వేయరు. లోపల కాటన్, చేతిలో ఒక పల్చటి శాలువా. డిసెంబరు, జనవరిలో ప్రాంగణం కచేరీకైతే శాలువా కాదు, స్వెటరే. సీసాలు లోపలికి రానివ్వరు కాబట్టి నీళ్లు ఎక్కడ ఇస్తున్నారో వెళ్లగానే చూసుకోండి. తాగేవాళ్లు ఒక పెగ్గుకి ఒక గ్లాసు నీళ్ల లెక్క తప్పకూడదు. ఏమీ తినకుండా వెళ్లొద్దు.

భవనం విషయంలో రెండే మాటలు: గోడలకీ స్తంభాలకీ ఆనుకోకండి, చెమట చేతుల మరక సున్నపు పూతలోకి దిగితే పోదు. గ్లాసుని కిటికీ గూట్లో, చెక్కడాల మీద పెట్టకండి.

దారులు, జనం

లోపలికి వచ్చిన తలుపు కాక ఇంకో రెండు తలుపులు ఎక్కడున్నాయో, అవి నిజంగా తెరిచి ఉన్నాయో చూసి గాని నిలబడే చోటు ఎంచుకోకండి. పాత తలుపులు లోపలికి తెరుచుకుంటాయి, జనం ఒత్తిడి మీదపడితే తెరవడం కష్టం. 1878లో పుట్టిన సికింద్రాబాద్ క్లబ్బు పాత భవనం 2022 జనవరిలో తెల్లవారుజామున మంటల్లో పోయింది. ఆ వేళ కార్యక్రమమేదీ లేకపోవడం అదృష్టం. చెక్క దూలాలు, పాత వైరింగు ఉన్న చోట పొగ వాసన వస్తే వేదిక మీది పొగ మిషనేమో అని ఆలోచిస్తూ నిలబడకండి, ముందు బయటికి నడవండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేదాకా కాసేపు చీకటవుతుంది. అది మామూలే, ఉన్నచోటే ఉండి ఫోన్ లైటు వేయండి, కదలకండి.

ముందు వరసల్లో చదరపు మీటరుకి నలుగురిదాకా ఉంటే ఇరుకుగా ఉన్నా ప్రమాదం లేదు. ఐదారుగురైతే జనం నీళ్లలా ఊగడం మొదలవుతుంది. మీ చేతులు ఛాతీ దగ్గరికి ఎత్తుకోలేకపోతున్నారంటే బయటపడాల్సిన సమయం వచ్చింది. ఎదురు తిరిగి తోయకండి. చేతులు ఛాతీ ముందు మడిచి, ఒక కాలు ముందుకు పెట్టి, తోపు ఆగిన ప్రతిసారీ ఏటవాలుగా పక్క గోడ వైపు రెండడుగులు వేయండి. కింద పడ్డ ఫోన్ కోసం వంగొద్దు.

ఇంటికి

తాగినవాళ్లు బండి ముట్టకూడదు, ఇందులో బేరం లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహన చట్టం 185వ సెక్షన్: మొదటిసారికే 6 నెలల దాకా జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండు బీర్లతో చాలామంది ఆ గీత దాటేస్తారు. వారాంతాల్లో జూబ్లీహిల్స్ రోడ్ల మీద తనిఖీ తప్పదు. కారు తెచ్చుకుంటే డ్రైవర్‌ని గంటల లెక్కన పంపే యాప్‌లున్నాయి, కార్యక్రమం మొదలవకముందే బుక్ చేసి పెట్టుకోండి.

మెట్రో చివరి రైళ్లు టెర్మినళ్ల నుంచి రాత్రి 11 ప్రాంతంలో కదులుతాయి, ఆ వారం టైమింగులు యాప్‌లో చూసుకోండి. పాతబస్తీ కార్యక్రమాలకు దగ్గరి స్టేషన్ ఎంజీబీఎస్. చౌమహల్లా నుంచి సుమారు మూడు కిలోమీటర్లు, ఆటోలో రాత్రి ట్రాఫిక్‌కి పావుగంట నుంచి అరగంట. ఆకుపచ్చ లైను అక్కడితో ఆగిపోతుంది, మియాపూర్, ఎల్బీనగర్ వైపు వెళ్లేవాళ్లు అక్కడే ఎర్ర లైను పట్టుకోవచ్చు. రాయదుర్గం వైపైతే అమీర్‌పేటలో మారాలి. 10కి కచేరీ ఆగితే 10.10కి గేటు బయట ఉండేలా చివరి పాట సగంలో లేవండి. తారామతికి మెట్రో ఏదీ దగ్గర్లో లేదు. అక్కడికి వెళ్లేవాళ్లు తిరుగు ప్రయాణం కుదుర్చుకోకుండా బయల్దేరొద్దు.

క్యాబ్‌ని గేటు దగ్గరికే పిలవడం పెద్ద పొరపాటు. వెయ్యి మంది ఒకే పిన్ మీద బుక్ చేస్తే రేటు ఎక్కుతుంది, డ్రైవరు గుంపులోకి రాలేక రద్దు చేస్తాడు. ఐదారు వందల మీటర్లు వెలుగున్న రోడ్డు మీద నడిచి, ఏదైనా పెట్రోల్ బంకో హోటలో గుర్తు పెట్టి అక్కణ్నుంచి బుక్ చేయండి. చౌమహల్లా నుంచైతే మదీనా చౌరస్తా వైపు నడిస్తే తినడానికీ దొరుకుతుంది, బండీ దొరుకుతుంది. కడుపులో ఇంకా చోటుంటే మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్ దారిలోనే. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు బండి నంబరు ఇంటికి పంపి, తెలంగాణ పోలీసుల టి-సేఫ్‌లో ప్రయాణం నమోదు చేసుకోవచ్చు. ఏదైనా తేడాగా అనిపిస్తే 100 లేదా 112. రేటు మరీ ఎక్కువ చూపిస్తుంటే చాయ్ తాగుతూ ఇరవై నిమిషాలు ఆగండి. కచేరీ జనం చెదిరిపోగానే అది దిగుతుంది.